జిమ్ముతో పాటు బాక్సింగా, జూడోనా, కరాటేనా: బెంగళూరు ఉద్యోగికి ఒక ఎంపిక సలహా

మా చిన్నాన్న కొడుకు కడప నుంచి వచ్చి మారతహళ్లిలో ఒక పీజీలో ఉంటున్నాడు. రెండేళ్లుగా క్రమం తప్పకుండా జిమ్ముకు వెళ్తున్నాడు కాబట్టి భుజాలూ ఛాతీ బాగానే తేలాయి. కొన్నాళ్ల కిందట ఫోన్ చేసి, "అన్నా, ఇందిరానగర్‌లో బాక్సింగ్ క్లాసులో చేరాలనుకుంటున్నా. కండ తగ్గకుండా రెండూ చేసుకోవచ్చా, లేకుంటే ఒకటి వదిలేయాల్నా?" అని అడిగాడు. నేను జూడో నేర్చుకుంటూనే బరువులెత్తే మనిషిని గనుక కండరాల గురించి ఏదో చెబుతానని అనుకుని ఉంటాడు. నేను మాత్రం వారంలో నీకు ఖాళీ గంటలెన్ని అని అడిగాను. పన్నెండు అన్నాడు. సాయంత్రం వేళ మారతహళ్లి నుంచి ఇందిరానగర్ వెళ్లడానికి గంట, రావడానికి గంట అనుకుంటే, వారానికి మూడు క్లాసులకు ఆరు గంటలు రోడ్డు మీదే పోతాయి. మిగిలిన ఆరు గంటల్లో మూడు గంటలు క్లాసు తీసుకుంటే జిమ్ముకు దక్కేవి మూడే. అతని ప్రశ్నకు జవాబు సగం ఆ లెక్కలోనే ఉంది.

మిగతా సగానికి శరీరంలోకి వెళ్లాలి. బరువులెత్తడమూ దమ్ము పెంచే సాధనా ఒకదాన్నొకటి అడ్డుకుంటాయన్న మాట వట్టి గాలి కబురు కాదు. 1980లో రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడు పది వారాల పాటు ఒక బృందం చేత బరువులు మాత్రమే ఎత్తించి, మరొక బృందం చేత పరుగూ సైకిలూ మాత్రమే చేయించి, మూడో బృందం చేత రెండూ చేయించాడు. మూడో బృందం వారి కాళ్ల బలం ఏడెనిమిది వారాల వరకూ మొదటి బృందంతో సమానంగా పెరిగి, అక్కడ ఆగి, చివరి రెండు వారాల్లో తగ్గింది. జిమ్ముల్లో ఈ కథను ఇంతవరకే చెబుతారు. ఆ మూడో బృందం వారానికి ఐదు రోజులు బరువులూ ఆరు రోజులు కఠినమైన పరుగూ సైకిలూ చేసిందన్న సంగతి చెప్పరు. అంటే వారానికి పదకొండు సార్లు సాధన. ఆఫీసుకు పోయే మనిషి ఎవరూ ఆ దరిదాపులకు కూడా పోరు. తరువాత వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, మితంగా కలిపినప్పుడు కండ పెరుగుదలకు పెద్దగా నష్టం లేదని, ఉన్న కాస్త నష్టమూ ఒక్క ఉదుటున విసిరే బలంలో, ముఖ్యంగా రెండూ ఒకే పూట చేసినప్పుడు కనిపిస్తుందని తేలింది.

కాబట్టి బాక్సింగ్ కండను తినేస్తుందన్న భయం అవసరం లేదు. తినేది మరొకటి. క్లాసులో ఖర్చయిన తిండిని తిరిగి తినకపోవడం, రాత్రి తొమ్మిదిన్నరకు స్పారింగ్ (జోడీతో సాధన పోరు) ముగించి వచ్చి ఒంటి గంట వరకూ నిద్ర పట్టకపోవడం, ఒకే భుజాన్నీ ఒకే మోకాలినీ రెండు చోట్లా అరగదీయడం, ఈ మూడే కండను తింటాయి. ఏ విద్య ఎంచుకోవాలన్న ప్రశ్నను కూడా ఈ కోణంలోంచే చూడాలి. ఏది గొప్ప విద్య అన్న వాదన ఎంతసేపు చేసినా తెగదు గానీ, ఏ విద్య శరీరంలో ఏ భాగాన్ని అలసటకు గురిచేస్తుందో తెలిస్తే జిమ్ములో ఏది తగ్గించాలో దానంతటదే తెలుస్తుంది.

ఏ విద్య దేన్ని అరగదీస్తుంది

బాక్సింగ్ జిమ్ము మనిషికి అన్నిటికన్నా సులువుగా అతుకుతుందని నా అభిప్రాయం. స్కిప్పింగూ బ్యాగ్ మీద గుద్దులూ ఊపిరి ఆడనివ్వకపోయినా, తొడలను మరుసటి రోజు మెట్లు దిగలేనంతగా నొప్పి పెట్టవు. అందుచేత స్క్వాట్లూ (భుజాల మీద బరువుతో తీసే గుంజీలు) డెడ్‌లిఫ్టులూ (నేల మీది బరువును లేపడం) దాదాపు మామూలుగానే సాగుతాయి. ఇబ్బంది అంతా భుజం ముందు భాగంలో వస్తుంది. వందల కొద్దీ జాబ్‌లు, అంటే ముందు చేతి సూటి గుద్దులు విసిరే భుజమే, పడుకుని బరువును పైకి నెట్టే బెంచ్ ప్రెస్‌లోనూ తల మీదికి నెట్టే ఓవర్‌హెడ్ ప్రెస్‌లోనూ పనిచేస్తుంది. అందువల్ల బాక్సింగ్‌లో చేరినవారు నెట్టే వ్యాయామాలను మూడో వంతు తగ్గించి, లాగే వ్యాయామాలను, అంటే రోయింగ్‌నూ పుల్అప్‌లనూ ఫేస్ పుల్స్‌నూ నెట్టే సెట్లకు (ఆగకుండా ఒక విడతలో చేసేది ఒక సెట్టు) దాదాపు రెట్టింపు చేసుకోవడం మంచిది. బ్యాగ్ మీద గట్టిగా గుద్దిన సాయంత్రం మణికట్టు నొప్పిగా ఉంటే మరునాటి బెంచ్ ప్రెస్ మానేయడానికి మొహమాటపడవద్దు.

తల సంగతి వేరు. సరదాకు నేర్చుకునే మనిషి గట్టి స్పారింగ్ చేయకుండానే బాక్సింగ్‌లో ఎంతో దూరం వెళ్లవచ్చు. చేసిన రోజున దెబ్బ తగిలి తలనొప్పీ కళ్లు తిరగడమూ ఉంటే, వైద్యుడు సరేననే వరకూ స్పారింగే కాదు, ఊపిరి బిగబట్టి ఎత్తే పెద్ద బరువులు కూడా ముట్టుకోకూడదు. ఈ ఒక్క విషయంలో మాత్రం బేరాలు లేవు.

ముయే థాయ్, కిక్‌బాక్సింగ్‌లకు కూడా ఇదే వర్తిస్తుంది గానీ, కాళ్లు తోడవుతాయి. ప్రతి తన్నుకూ తుంటి ముందు కండరమూ తొడ లోపలి కండరమూ లాగబడతాయి. బరువైన స్క్వాట్ల తరువాత నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల వరకూ ఉంటుంది కాబట్టి, నిన్న స్క్వాట్లు చేసి ఇవాళ ఎత్తుకు తన్నబోతే గజ్జల్లో కండరం పట్టేస్తుంది. కాళ్ల రోజునూ తన్నుల రోజునూ వారంలో వీలైనంత దూరంగా పెట్టుకోవడం తప్ప దీనికి మరో మందు లేదు.

జూడో, బ్రెజిలియన్ జియు జిట్సు, కుస్తీ ఇందుకు పూర్తిగా భిన్నం. ఇవి వీపునూ పట్టునూ నడుమునూ పిండేస్తాయి. గంటసేపు ఎదుటివాడి గీని (ఈ విద్యల్లో వేసుకునే మందపాటి దుస్తులు) పట్టుకు లాగిన చేతులతో మరునాడు డెడ్‌లిఫ్ట్ చేస్తే, బరువు నేల మీది నుంచి లేచేలోపే వేళ్లు విడిపోతాయి. నేను మొదటి ఏడాది ఈ పొరపాటే చేశాను. మంగళవారం జూడో, బుధవారం డెడ్‌లిఫ్ట్ అని కాగితం మీద అందంగా రాసుకుని, ఆరు నెలల పాటు ఎత్తే బరువు ఎందుకు పెరగడం లేదా అని శిక్షకుణ్ని విసిగించాను. డెడ్‌లిఫ్ట్ ఆదివారానికి మార్చాక రెండు నెలల్లో పరిస్థితి చక్కబడింది. వీపుకు క్లాసులోనే చాలా పని దొరుకుతుంది కాబట్టి ఈ విద్యలవారు జిమ్ములో లాగడం తగ్గించి నెట్టడం పెంచుకోవచ్చు; బాక్సింగ్‌కు చెప్పిన సలహాకు ఇది సరిగ్గా తిరగేసిన సలహా.

కండ ఉన్నవారికి ఈ విద్యల్లో మరో చిక్కు ఉంది. మొదటి మూడు నెలలు బలమే గెలిపిస్తుంది. ఎదుటివాణ్ని ఒడుపుతో కాక భుజబలంతో తోసేసి గెలిచినవాడు ఒడుపు నేర్చుకోడు, పైగా పట్టు బిగిసినప్పుడు చెయ్యి తట్టి ఒప్పుకోకుండా పెనుగులాడి మోచెయ్యి పాడు చేసుకుంటాడు. అటువంటి గాయం నెలల తరబడి బైసెప్స్ వ్యాయామాలన్నిటినీ ఆపేస్తుంది. ఉన్న బలంలో సగమే వాడి సాధన చేయడం అలవాటు చేసుకుంటే విద్యా వస్తుంది, కీళ్లూ మిగులుతాయి. జూడోలో పడగొట్టడం వల్ల మోకాళ్లకూ భుజాలకూ ముప్పు ఎక్కువ. నేల మీద సాగే జియు జిట్సులో ఆ ముప్పు కొంత తక్కువ, జోడీనీ వేగాన్నీ ఎంచుకునే స్వేచ్ఛ కొంత ఎక్కువ. ముప్పై దాటాక కొత్తగా మొదలుపెట్టేవారికి, నేను జూడో మనిషినే అయినా, జియు జిట్సునే ముందు చూడమంటాను. మ్యాట్ మీద ఒళ్లూ ఒళ్లూ రాసుకునే విద్యల్లో తామర అంటుకోవడం మామూలే కాబట్టి, క్లాసు అవగానే స్నానం చేయడమూ గీని ప్రతిసారీ ఉతకడమూ విద్యలో భాగమే అనుకోవాలి.

కరాటే, తైక్వాండోలలో చాలా క్లాసులు ప్రాథమిక కదలికలకూ కతాలకూ (ఒంటరిగా వరుసగా చేసే కదలికల కూర్పులు) ఎక్కువ సమయం ఇస్తాయి గనుక అలసట మితంగా ఉంటుంది. జిమ్మునే ముఖ్యంగా ఉంచుకోవాలనుకునేవారికి ఇవి నప్పుతాయి. క్యోకుషిన్ వంటి దెబ్బలాట శైలి అయితే మాత్రం ముయే థాయ్‌తో సమానంగా లెక్క వేసుకోవాలి. కళరిపయట్టూ కర్రసామూ తుంటినీ చీలమండనూ వదులు చేసి, లోతైన నిలకడలను అలవాటు చేస్తాయి. స్క్వాట్‌లో సగం వరకే దిగగలిగే జిమ్ము వీరులకు వీటిని మించిన మందు లేదు.

ఊళ్లో పెద్దలు తాలింఖానా అని పిలిచే చోటును ఇక్కడివారు గరడి మనె అంటారు. బెంగళూరు పాత పేట సందుల్లో అలాంటివి ఇంకా ఉన్నాయి. దండీలూ బస్కీలూ తీసి, గద తిప్పి, మట్టిలో కుస్తీ పట్టే ఆ పద్ధతిలో కండా విద్యా వేర్వేరు సాధనలు కావు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఆ ఒరవడిలో పెరిగిన మల్లుడే. అయితే ఆయనకు ఔటర్ రింగ్ రోడ్డూ లేదు, రాత్రి పదింటికి అమెరికావారితో మీటింగూ లేదు. రోజంతా సాధనకే ఇచ్చేవారి పద్ధతిని రోజుకు గంట ఇవ్వగలిగినవారు ఉన్నదున్నట్టు అనుసరించలేరు.

పెద్దపీట దేనికి

విద్య ఎంచుకున్నాక అసలు నిర్ణయం మిగులుతుంది. రెంటికీ సమానంగా పెద్దపీట వేయాలని చూసినవారిలో నాకు తెలిసినంతలో ఎవరూ ఏడాది నిలబడలేదు. ఒకదానికి పెద్దపీట, రెండోదానికి చిన్నపీట వేయాలి. లేదా ఇద్దరు తోడికోడళ్లు వంటింటిని పంచుకున్నట్టు వంతులు వేసుకోవాలి.

జిమ్ముకు పెద్దపీట వేసేవారు వారానికి నాలుగు రోజులు బరువులకు, రెండు రోజులు క్లాసుకు ఇవ్వవచ్చు. ఒక్కో కండరానికి వారానికి పది నుంచి ఇరవై సెట్లు అన్న మామూలు లెక్కలో కింది అంచున, అంటే పది పన్నెండు సెట్ల దగ్గర ఉండాలి. గట్టి స్పారింగ్ జోలికి పోకూడదు. ఈ అమరికలో విద్య నెమ్మదిగా వస్తుంది, మొదటి బెల్టుకే ఎక్కువ కాలం పట్టవచ్చు. అది ముందే ఒప్పుకుంటే బాధ ఉండదు. వేదికెక్కి బాడీబిల్డింగ్ పోటీ చేయదలచుకున్నవారికి మాత్రం ఒక హెచ్చరిక. పోటీకి ముందు పన్నెండు నుంచి పదహారు వారాలు తిండి తగ్గించి కొవ్వు కరిగించే కాలంలో దెబ్బలాట మొత్తంగా మానేయాలి. అరకడుపుతో ఉన్న శరీరం దెబ్బ నుంచి త్వరగా కోలుకోలేదు, చురుకుదనమూ తగ్గి ఉంటుంది.

విద్యకు పెద్దపీట వేసేవారికి మూడు క్లాసులు, రెండు రోజుల జిమ్ము చాలు. ఆ రెండు రోజులూ ఒంటినంతటినీ పట్టించుకోవాలి. స్క్వాట్, ఏదో ఒక ప్రెస్, రోయింగ్ లేదా పుల్అప్, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, ఒక్కొక్కటీ సెట్టుకు ఆరు నుంచి పన్నెండు సార్ల చొప్పున మూడేసి సెట్లు చేస్తే గంట లోపు అయిపోతుంది. ఇంత తక్కువతో కండ పోదా అన్న అనుమానం అందరికీ వస్తుంది. పోదు. సంపాదించిన కండను నిలుపుకోవడానికి, దాన్ని పెంచినప్పుడు చేసిన సెట్లలో సుమారు మూడో వంతు చాలు. ఎత్తే బరువును మాత్రం తగ్గించకూడదు. రెంటికీ కొత్తవారైతే ఈ అమరికలోనే కండ పెరుగుతుంది కూడా, ఎందుకంటే మొదటి ఏడాది శరీరం చిన్న పనికి కూడా స్పందిస్తుంది. కొత్తవారికి నేను నిస్సంకోచంగా చెప్పే సలహా ఇదే.

మూడేళ్లకు పైగా బరువులెత్తినవారికి చిన్న పనితో కండ పెరగదు కాబట్టి వంతుల పద్ధతి నప్పుతుంది. పన్నెండు వారాలు జిమ్ము ముందు, క్లాసు వారానికి ఒకటి. తరువాతి పన్నెండు వారాలు క్లాసు ముందు, జిమ్ము నిలుపుకోవడానికి మాత్రమే. ఉద్యోగంలో పని ఒత్తిడి పెరిగే నెలలు ముందే తెలుస్తాయి గనుక, ఆ నెలలకు ప్రయాణం తక్కువున్న వంతు వేసుకోవచ్చు. క్లాసు జట్టు మధ్యమధ్య మొహం చాటేసేవాణ్ని ఎంత ఆప్యాయంగా చూస్తుందన్నదే ఈ పద్ధతిలో సమస్య.

టోర్నమెంటులో దిగాలన్న కోరిక ఉన్నవారు బరువు విభాగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒలింపిక్ జూడోలో పురుషుల విభాగాలు 60, 66, 73, 81, 90, 100 కిలోలూ ఆపైనా ఉన్నాయి. 72 కిలోల మనిషి జిమ్ములో కష్టపడి 75కు వచ్చాడనుకోండి. ఇక అతను 73లో ఉండడు, 81 కిలోల విభాగంలోని బలాఢ్యులతో తలపడతాడు. ఆ మూడు కిలోల కండా అద్దం ముందు లాభం, మ్యాట్ మీద నష్టం. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయి, 2023లో ఢిల్లీలో 50 కిలోలకు దిగి మళ్లీ గెలిచింది. ఆ స్థాయిలో రెండు కిలోలకు అంత విలువ ఉంటుంది. పోటీ ఆలోచన లేనివారు ఈ పేరా మరిచిపోవచ్చు.

కండ పెరిగితే మొద్దుబారిపోతారన్న మాటను మాత్రం ఎవరూ నమ్మవద్దు. పూర్తి నిడివిలో చేసిన బరువుల సాధన కీళ్ల వదులును తగ్గించదు, పెంచుతుంది. దమ్ము విషయం వేరు. మోయాల్సిన ఒళ్లు పెరిగితే ఊపిరి త్వరగా అయిపోతుంది, అది క్లాసుకు క్రమంగా వెళ్తేనే సర్దుకుంటుంది.

రోజులూ తిండీ దూరమూ

రెండూ ఒకే రోజు పడితే మధ్య కనీసం ఆరు గంటల ఎడం ఉండేలా ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి పెట్టుకోవాలి. ఆ వీలు లేక ఒకే పూట చేయాల్సివస్తే క్లాసు ముందు, బరువులు తరువాత. అలసిన కాళ్లతో కర్ల్స్ చేస్తే ఏమీ కాదు గానీ, అలసిన కాళ్లతో ఎదుటివాడి మీద త్రో వేయబోతే ఇద్దరిలో ఒకరు ఆసుపత్రికి వెళ్తారు. బెంగళూరులో ఆదివారం పొద్దున్న రోడ్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి దూరపు క్లాసును ఆ రోజుకు ఉంచుకోవడం తెలివైన పని. జిమ్ము మాత్రం ఇంటికి నడక దూరంలోనే ఉండాలి, యంత్రాలు కాస్త పాతవైనా సరే.

తిండి విషయంలో పీజీవారికీ మెస్సుల మీద బతికేవారికీ ఒకటే చిక్కు: కడుపు నిండుతుంది, ప్రొటీన్ నిండదు. కిలో శరీర బరువుకు రోజుకు 1.6 గ్రాముల ప్రొటీన్ లెక్కన 75 కిలోల మనిషికి 120 గ్రాములు కావాలి. ఆంధ్రా మెస్సులో పప్పు, సాంబారు, పెరుగుతో రెండు పూటలు ఎంత తిన్నా అందులో సగానికి చేరడం కష్టం. నాలుగు గుడ్లలో 24, పావు కిలోకు కాస్త తక్కువ ఎముకల్లేని కోడి మాంసంలో 45, యాభై గ్రాముల మీల్ మేకర్‌లో 26, అర లీటరు పాలలో 16 గ్రాములు ఉంటాయి. మిగిలింది పప్పూ అన్నమూ పూరిస్తాయి. గుడ్లు తినే శాకాహారులు కోడికి బదులు వంద గ్రాముల పనీరూ ఒక కొలత వే ప్రొటీనూ చేర్చుకోవచ్చు. క్లాసు రోజుల్లో అన్నం తగ్గించడం చాలామంది చేసే తప్పు. ఆ రోజుల్లోనే పెంచాలి. బలం కోసం తీసుకునే క్రియాటిన్ పొడి వాడేవారు రోజుకు మూడు నుంచి ఐదు గ్రాములకు మించనక్కరలేదు గానీ, అది ఒంట్లో నీటిని పట్టి ఉంచి కిలో రెండు కిలోలు పెంచుతుందని బరువు విభాగం ఉన్నవారు గుర్తుంచుకోవాలి.

క్లాసు ఎంపికలో పేరూ గోడ మీది పతకాలూ చివర చూడవలసినవి. ఆఫీసు వదిలే వేళకే ఒకసారి అక్కడికి వెళ్లి, ఎంతసేపు పట్టిందో గడియారం చూసుకోండి. ముప్పావు గంట దాటితే ఎంత మంచి గురువైనా మూడో నెలకు మీరు మానేస్తారు. ఒక క్లాసు చూసి, కొత్తవారిని మొదటి వారమే స్పారింగ్‌లోకి దింపుతున్నారా, గాయపడినవారు పక్కన కూర్చుని చూసే వీలుందా అని గమనించండి. జిమ్ముకు పోతానని చెబితే శిక్షకుడు ఏ రోజుల్లో అని అడిగితే మంచి గుర్తు. జిమ్ము మానేస్తే గానీ విద్య రాదన్నాడంటే మరో చోటు వెతుక్కోవడం నయం. ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటారు. నేను ఒకచోట అలా కట్టి నాలుగో నెలలో ఇల్లు మారి మిగతా డబ్బు వదులుకున్నాను. మొదట మూడు నెలలకే కట్టండి.

మా తమ్ముడు చివరికి ఇందిరానగర్ ఆలోచన వదిలేసి, పీజీకి పావుగంట నడకలో ఉన్న ఒక చిన్న బాక్సింగ్ క్లాసులో చేరాడు. అక్కడ రింగు కూడా లేదు, నాలుగు బ్యాగులు ఉన్నాయి. మంగళ, గురువారాలు సాయంత్రం క్లాసు. సోమ, బుధ, శనివారాలు పొద్దున్న జిమ్ము, కాళ్లు శనివారం. ఎత్తే బరువు వరుసగా రెండు వారాలు తగ్గినా, పొద్దున్న లేవగానే నాడి మామూలుకన్నా వేగంగా కొట్టుకుంటున్నా ఒక వారం సెట్లు సగానికి తగ్గించమని చెప్పాను. ఐదు నెలల్లో అలా రెండుసార్లు తగ్గించాడు. బెంచ్ ప్రెస్ ఉన్నచోటే ఉంది, స్క్వాట్ పది కిలోలు పెరిగింది, మూడు నిమిషాల రౌండ్లు ఆరు ఆగకుండా కొడుతున్నాడు. మొన్న ఫోన్ చేసి జూడో కూడా చేరమంటావా అన్నా అని అడిగితే, ముందు బాక్సింగ్‌లో ఎడమ చెయ్యి గడ్డం దగ్గర నిలబెట్టడం నేర్చుకోమన్నాను.